మాన్యువల్లో 0డబ్ల్యూ-20, అడ్వైజర్ చెప్పింది 5డబ్ల్యూ-40: ఏ ఇంజిన్ ఆయిల్ పోయించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. కారు 1 లీటరు టర్బో పెట్రోలు, డైరెక్ట్ ఇంజెక్షన్. కొని రెండేళ్ల నాలుగు నెలలైంది, 19,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ ఆఫీసుకి 6 కిలోమీటర్లు వెళ్లి రావడం, అప్పుడప్పుడు ఒక దూర ప్రయాణం. మాన్యువల్లో 0డబ్ల్యూ-20, ఏపీఐ ఎస్‌పీ అని ఉంది (మొదటిది ఆయిల్ చిక్కదనం గ్రేడు, రెండోది అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన నాణ్యత ప్రమాణం). షోరూమ్ సర్వీస్ అడ్వైజర్ మాత్రం "అది మరీ పలచన, టర్బోకి 5డబ్ల్యూ-40 ఫుల్ సింథటిక్ పోయిద్దాం" అన్నారు. దాంతోపాటు ఇంజిన్ ఫ్లష్ (ఇంజిన్ లోపల కడగడం), ఆయిల్ యాడిటివ్ (ఆయిల్‌లో అదనంగా కలిపే మందు), ఇంజెక్టర్ క్లీనింగ్ కూడా రాశారు. మీ స్నేహితుడేమో ప్రతి 5,000 కిలోమీటర్లకీ ఆయిల్ మార్చాల్సిందే అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్ పడుతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. 0డబ్ల్యూ-20 పోయించండి. ఫ్లష్ వద్దు, యాడిటివ్ వద్దు, ఇంజెక్టర్ క్లీనింగ్ ఇప్పుడు అక్కర్లేదు. మీ స్నేహితుడి మాటలో కొంత నిజం ఉంది, దాని సంగతి కింద రాస్తాను. నేను సర్వీస్ వర్క్‌షాపుల్లో 21 ఏళ్లు పనిచేశాను. మొదట కారు కింద పడుకుని ఆయిల్ దించిన మెకానిక్‌ని, తర్వాత కౌంటర్‌లో జాబ్ కార్డులు రాసినవాణ్ని. రెండు వైపులా ఏం జరుగుతుందో చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

"పలచన" అనే మాట దగ్గరే చాలామంది పొరబడతారు. గ్రేడ్‌లో డబ్ల్యూ అంటే వింటర్. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా ఉంటుందో చెబుతుంది. ఆ చలిలో ఇంజిన్ తిరగగలదా అని 0డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర పరీక్షిస్తారు. వెనకున్న అంకె 100 డిగ్రీల దగ్గర ఉండే చిక్కదనానికి గుర్తు. 20 గ్రేడ్ అయితే 6.9 నుంచి 9.3 సెంటీస్టోక్‌ల (చిక్కదనాన్ని కొలిచే యూనిట్) లోపు, 30 అయితే 9.3 నుంచి 12.5 లోపు, 40 అయితే 12.5 నుంచి 16.3 లోపు ఉండాలి.

ఈ లెక్కలోంచి కౌంటర్ దగ్గర ఎవరూ చెప్పని విషయం ఒకటి బయటపడుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఏ ఆయిలూ పలచన కాదు. 40 డిగ్రీల దగ్గర మామూలు 0డబ్ల్యూ-20 ఆయిల్ సుమారు 45 సెంటీస్టోక్‌లు ఉంటుంది. అంటే బాగా వేడెక్కిన 40 గ్రేడ్ ఆయిల్ కంటే దాదాపు మూడు రెట్లు చిక్కన. పొద్దున స్టార్ట్ చేసిన కొత్తలో ఇంజిన్‌కి వచ్చే ఇబ్బందికి ఒక ముఖ్య కారణం, ఆయిల్ చిక్కగా ఉండి, పైన క్యామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే కడ్డీ) దాకా, పక్కన టర్బో దాకా చేరడానికి ఆలస్యం కావడం. మీ కారు ఎక్కువగా 6 కిలోమీటర్ల ప్రయాణాలే చేస్తుంది. దానికి ఆయిల్ పూర్తిగా వేడెక్కే రోజులే తక్కువ. డ్యాష్‌బోర్డులో కూలంట్ ముల్లు మధ్యకి వచ్చేసినా, ఆయిల్ ఇంకా వెనకబడే ఉంటుంది. అలాంటి వాడకానికి త్వరగా పైకెక్కే ఆయిలే మేలు.

అలాగని అడ్వైజర్ చెప్పింది పూర్తిగా తప్పని అనను. 150 డిగ్రీల వేడిలో, బేరింగు సందులో నలుగుతున్నప్పుడు ఆయిల్ పొర ఎంత నిలబడుతుందో కొలిచే పరీక్ష వేరే ఉంది. అందులో 20 గ్రేడ్‌కి కనీసం 2.6 మిల్లీపాస్కల్-సెకన్లు వస్తే చాలు, 5డబ్ల్యూ-40కి కనీసం 3.5 రావాలి. పొర మందం వరకు చూస్తే 40దే పైచేయి. అయితే మీ ఇంజిన్‌లో బేరింగు సందులు, ఆయిల్ పంపు, పిస్టన్ల కింద చిమ్మే జెట్లు, ఆయిల్ ఒత్తిడితో వాల్వుల టైమింగ్‌ని మార్చే అమరిక, అన్నీ 20 గ్రేడ్ పోస్తారని లెక్కేసుకుని కట్టినవి. 40 పోస్తే రేపే ఇంజిన్ పాడైపోతుందని భయపెట్టను, పాడవదు. మైలేజీ కొంత తగ్గుతుంది. వారంటీ ఉండగా ఏదైనా తేడా వస్తే, మాన్యువల్లో లేని గ్రేడు మీ బిల్లు మీదే కనిపిస్తుంది. ఆ రోజు "మీ అడ్వైజరే పోయించమన్నారు" అంటే రుజువు చేయడం కష్టం.

ఒక్క మినహాయింపు ఉంది. కొన్ని మాన్యువళ్లలో బయటి ఉష్ణోగ్రతను బట్టి రెండు మూడు గ్రేడులున్న పట్టిక ఇస్తారు. మీ మాన్యువల్లో ఆ పట్టిక ఉండి, అందులో 5డబ్ల్యూ-40 కూడా ఉంటే నాకు అభ్యంతరం లేదు. ఎండల్లో, కొండ దారుల్లో, నిండా మనుషులతో తిరిగే బండికి దాన్నే ఎంచుకోవచ్చు. మీరు రాసినదాన్ని బట్టి మీ మాన్యువల్లో ఒకే గ్రేడు ఉంది, కాబట్టి ఆ చర్చ అక్కడితో అయిపోయింది.

గ్రేడు కంటే ఎక్కువ పట్టించుకోవాల్సిందీ, తక్కువమంది చదివేదీ డబ్బా వెనక ఉండే ప్రమాణం. మీకు కావాల్సింది ఏపీఐ ఎస్‌పీ. ఇది 2020 మే నుంచి అమల్లోకి వచ్చింది, మీలాంటి చిన్న టర్బో ఇంజిన్లను దృష్టిలో పెట్టుకునే తెచ్చారు. ఈ ఇంజిన్లలో ఒక జబ్బు ఉంది. తక్కువ ఆర్‌పీఎంలో, పై గేరులో ఉండగా యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, ప్లగ్గు నిప్పురవ్వ వేయకముందే మిశ్రమం తనంతట తానే అంటుకుంటుంది. ఆ దెబ్బకి పిస్టన్ రింగుల గట్లు విరిగిన ఇంజిన్లు ఉన్నాయి. ఆయిల్‌లో ఉండే కాల్షియం డిటర్జెంటు దీన్ని పెంచుతుందని తేలింది. అందుకే కొత్త ఆయిళ్లలో కాల్షియం తగ్గించి మెగ్నీషియం వాడుతున్నారు. టైమింగ్ చైను అరుగుదల పరీక్ష కూడా ఎస్‌పీతోనే వచ్చింది. పాత ప్రమాణమైన ఎస్ఎన్ డబ్బా ఏదైనా స్టాకులో మిగిలి ఉంటే గ్రేడు కలిసింది కదా అని ఒప్పుకోకండి. 2025లో వచ్చిన తర్వాతి ప్రమాణం ఎస్‌క్యూ అయితే హాయిగా పోయించుకోవచ్చు. పెట్రోలు ఆయిళ్లలో కొత్త అక్షరం పాతదాని స్థానంలో పనికొస్తుంది.

డీజిల్ కార్లున్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. ఒకసారి మా దగ్గరికి పార్టిక్యులేట్ ఫిల్టర్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న డీజిల్ కారు ఒకటి వచ్చింది. వయసుకి తగ్గట్టే తిరిగింది, బిల్లులన్నీ ఉన్నాయి, కానీ ఫిల్టర్ మూసుకుపోయింది. మసి అయితే రీజనరేషన్‌లో, అంటే ఫిల్టర్‌ని బాగా వేడెక్కించినప్పుడు, కాలిపోవాలి. ఎన్నిసార్లు చేసినా ఒత్తిడి దిగలేదు. బిల్లులు తిరగేస్తే అసలు సంగతి తెలిసింది: వరసగా నాలుగు సర్వీసుల్లో బూడిద ఎక్కువుండే ఆయిల్ పోశారు. ఆయిల్‌లోని లోహపు యాడిటివ్‌లు కాలితే మిగిలేది బూడిద, అది ఎంత వేడికీ కాలదు, ఫిల్టర్‌లోనే కూర్చుంటుంది. అలాంటి కార్లకి ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల సంఘం) ప్రమాణంలో సీ తరగతి ఆయిల్ కావాలి. ఉదాహరణకి సీ3లో బూడిద 0.8 శాతం దాటకూడదు. గ్రేడు సరైనదే, బ్రాండు పేరున్నదే, ఆ ఒక్క అక్షరం తేడా. ఆ యజమాని తప్పు ఏమీ లేదు. ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే మునిగి తిరిగే ఇంజిన్లకైతే ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. తగని ఆయిల్ తగిలితే బెల్టు రబ్బరు ఉబ్బి, పొరలు పొరలుగా రాలి, ఆయిల్ పంపు జల్లెడలో ఇరుక్కుంటుంది.

ఇక "ఫుల్ సింథటిక్" అనే మాట. 1999లో అమెరికాలో మొబిల్, కాస్ట్రాల్ కంపెనీల మధ్య దీని మీదే తగవు నడిచింది. ముడిచమురునే బాగా శుద్ధిచేసి, అణువుల నిర్మాణం మార్చిన ఆయిల్‌ని కూడా సింథటిక్ అనవచ్చని అక్కడి ప్రకటనల పరిశీలన సంస్థ తేల్చింది. అప్పట్నించి ఆ మాట నాణ్యతకి కొలత కాకుండా పోయింది. అయినా మీరు దీని గురించి బెంగపడక్కర్లేదు. మామూలు మినరల్ బేస్‌తో 0డబ్ల్యూ-20 తయారు చేయడం దాదాపు అసాధ్యం. గ్రేడూ ప్రమాణమూ సరిగ్గా ఉంటే సింథటిక్ దానంతట అదే వచ్చేస్తుంది. బ్రాండు విషయంలోనూ నాది ఇదే మాట: ప్రమాణం ముద్ర నిజమైనదైతే, డబ్బా నిజమైనదైతే, మీకు నచ్చిన బ్రాండు పోయించుకోండి.

డ్రమ్ము ఆయిల్ మీద మీకు అనుమానం ఉందన్నారు. షోరూముల్లో చాలాచోట్ల పెద్ద డ్రమ్ముల నుంచి పైపు ద్వారా, మీటరున్న గన్నుతో పోస్తారు. అందులో మోసం ఉండాలని ఏమీ లేదు, నేను ఏళ్ల తరబడి అలాగే పోశాను. ప్రమాదం వేరే చోట ఉంది. వర్క్‌షాపులో డ్రమ్ములు రెండో మూడో ఉంటాయి, పోసేవాడు హడావుడిలో ఉంటాడు, ఎక్కువ కార్లకి వాడే ఆయిల్ ఏదో చెయ్యి దానిమీదికే పోతుంది. అందుకే జాబ్ కార్డులో "ఇంజిన్ ఆయిల్ మార్చాలి" అని వదిలేయకుండా, "0డబ్ల్యూ-20, ఏపీఐ ఎస్‌పీ" అని మీ ఎదురుగా రాయించండి. బిల్లులో కూడా గ్రేడు, లీటర్లు కనపడాలి. మాన్యువల్లో ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్లు పడుతుందో రాసి ఉంటుంది, దాంతో పోల్చి చూడండి. సీల్డ్ డబ్బాలు కావాలని అడిగితే చాలాచోట్ల ఇస్తారు. అడగడానికి మొహమాటపడకండి.

ఇప్పుడు మీ స్నేహితుడి మాట. ప్రతి 5,000కీ అందరూ మార్చాలన్నది పాత ఆయిళ్ల కాలం నాటి అలవాటు. రోజూ హైవే మీద గంటసేపు ఒకే వేగంతో పోయే కారు మాన్యువల్ చెప్పిన 10,000 లేదా 15,000 నిశ్చింతగా పోతుంది. కానీ మాన్యువల్లో సర్వీస్ పట్టిక పక్కనే, చిన్న అక్షరాలతో, "కఠిన పరిస్థితులు" అని ఇంకో పట్టిక ఉంటుంది. ఎవరూ ఆ పేజీ తిప్పరు. పదే పదే చిన్న దూరాలు తిరగడం, కొన్ని మాన్యువళ్లలో 8 కిలోమీటర్ల లోపు అని స్పష్టంగా రాస్తారు, ట్రాఫిక్‌లో ఆగుతూ కదలడం, దుమ్ము, బరువు లాగడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. మీ 6 కిలోమీటర్లు అందులోకే వస్తాయి.

కారణం ఇది. చల్లటి ఇంజిన్‌కి పెట్రోలు ఎక్కువ పడుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో కొంత పెట్రోలు సిలిండర్ గోడకి తగిలి, రింగుల పక్కనుంచి కింద సంపులోకి (ఆయిల్ నిలిచే తొట్టిలోకి) దిగుతుంది. పెట్రోలు కాలినప్పుడు పుట్టే నీటి ఆవిరి కూడా కొంత ఆయిల్‌లో చేరుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కి అరగంట తిరిగితే ఈ రెండూ ఆవిరై పోతాయి. 6 కిలోమీటర్లకే ఆపేస్తే పోవు, రోజురోజుకీ పేరుకుంటాయి. ఆయిల్ పలచబడుతుంది, ఆమ్లం చేరుతుంది, కొన్నాళ్లకి మడ్డి కడుతుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోలు వాసన గట్టిగా వస్తున్నా, ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతున్నా ఇదే జరుగుతోందని అర్థం. మీ వాడకానికి నేనైతే మాన్యువల్లోని కఠిన పట్టిక పాటిస్తాను, సాధారణంగా అది మామూలు గడువులో సగం ఉంటుంది. తిరిగిన దూరం తక్కువైనా ఏడాది మాత్రం దాటనివ్వను. వారానికి ఒకసారి కారుని అరగంట, ముప్పావుగంట ఆపకుండా నడిపితే ఆయిల్‌కి అది మందులా పనిచేస్తుంది.

రంగు చూసి నిర్ణయించకండి. ఆయిల్ నల్లబడిందంటే మసిని తనలో పట్టి ఉంచుతోందని, అంటే తన పని తాను చేస్తోందని అర్థం. డీజిల్ ఇంజిన్‌లో అయితే కొత్త ఆయిల్ పోసిన రోజే నల్లబడుతుంది. భయపడాల్సిన రంగు ఒకటే, పాలు కలిపినట్టు తెల్లబారడం. ఫిల్లర్ మూత లోపల కొంచెం తెల్లటి మీగడలాంటిది కనిపిస్తే చిన్న ప్రయాణాల చెమ్మ కావచ్చు. డిప్‌స్టిక్ మీదే అలా ఉంటే కూలంట్ కలుస్తోందేమో, బండి నడపకుండా చూపించండి.

ఫ్లష్ ఎందుకు వద్దన్నానంటే: అది ద్రావకం. పాత ఆయిల్‌లో పోసి, కాసేపు ఇంజిన్ తిప్పి దించేస్తారు. ఎంత దించినా ఇంజిన్ మూలల్లో కొంత పాత ద్రవం మిగులుతుంది, అది కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది. గడువు తప్పకుండా ఆయిల్ మార్చిన 19,000 కిలోమీటర్ల ఇంజిన్‌లో కడగాల్సిన మడ్డి ఉండదు. నిజంగానే మడ్డి పేరుకున్న ఇంజిన్‌లోనేమో, ఒక్కసారిగా ఊడిన పెళ్లలు పంపు జల్లెడకి అడ్డం పడే ప్రమాదం ఉంది. యాడిటివ్ సంగతీ అంతే. డిటర్జెంటు, అరుగుదలని ఆపే జింక్ సమ్మేళనం, నురుగు రాకుండా చేసే పదార్థం, ఇవన్నీ కొలత ప్రకారం కలిపాకే ఆ ఆయిల్ ఎస్‌పీ పరీక్షలు గెలిచింది. దాంట్లో ఇంకో సీసా వంచితే ఆ కొలత చెడుతుంది.

ఇంజెక్టర్ క్లీనింగ్ గురించి తెలుసుకోవాల్సింది ఒకటుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి పడుతుంది, ఇన్‌టేక్ వాల్వుల వెనక తగలదు. అందుకే ఈ ఇంజిన్లలో వాల్వుల మీద కార్బన్ గట్టిపడుతుంది. పెట్రోల్‌లో కలిపే క్లీనరు అక్కడిదాకా వెళ్లదు కాబట్టి దాన్ని తీయలేదు. మైలేజీ పడిపోవడం, ఐడిలింగ్‌లో వణకడం, మిస్‌ఫైర్ లాంటి లక్షణం కనిపించినప్పుడు పరీక్షించి చేయించుకునే పని ఇంజెక్టర్ క్లీనింగ్. మీరు అలాంటిదేదీ రాయలేదు.

అడ్వైజర్లని తిట్టాలని నా ఉద్దేశం కాదు. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నాను. నెలాఖరుకి ఇన్ని ఫ్లష్‌లు, ఇన్ని క్లీనింగ్‌లు అని పైనుంచి లెక్క వస్తుంది. "ఇది మాన్యువల్లో ఏ పేజీలో ఉందో చూపిస్తారా?" అని మర్యాదగా అడగండి. ఉంటే చేయించండి. లేకపోతే వాళ్లే వెనక్కి తగ్గుతారు.

మీ 28 నెలల కారుకి నిజంగా అడగాల్సినవి వేరే ఉన్నాయి. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తేమని పీలుస్తుంది. డాట్ 4 అనే రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ చేరాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. ఘాట్ దిగేటప్పుడు పెడల్ మెత్తబడిపోయేది అందుకే. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి, మీ మాన్యువల్లో చూసి మార్పించండి. ఎయిర్ ఫిల్టర్ తీసి మీకు చూపించమనండి. కూలంట్‌ని రంగు చూసి కలపనివ్వకండి, రంగు ఒకటైనంత మాత్రాన రకం ఒకటి కాదు.

ఆయిల్ మార్చే పనిలో మెకానిక్ చేయి తప్పే చోట్లు కొన్నే. ఆయిల్‌తో పాటు ఫిల్టర్ మారాలి, డ్రెయిన్ బోల్టు వాషర్ కొత్తది పడాలి, బోల్టు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంగా బిగించాలో కొలిచే పానాతో) బిగించాలి. బోల్టుని ఎయిర్ గన్నుతో బిగిస్తే అల్యూమినియం సంపు మర తెగవచ్చు. నేను పనిలో చేరిన మొదటి ఏడు ఒక తప్పు చేశాను. పాత ఫిల్టర్ తీసినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుపోయింది. చూసుకోకుండా దాని మీద కొత్త ఫిల్టర్ బిగించాను. స్టార్ట్ చేసిన నిమిషంలో ఆయిలంతా నేల మీదకొచ్చింది. అదృష్టం కొద్దీ కారు ఇంకా వర్క్‌షాపు బే దాటలేదు. రోడ్డు మీదకి వెళ్లి ఉంటే ఒక కుటుంబం ఇంజిన్ పోగొట్టుకునేది. ఆ రోజు నుంచి ప్రతి ఫిల్టర్ దగ్గరా వేలితో తడిమి చూశాకే బిగించాను.

ఇంకో కారు మాత్రం మనసుని ఇంకా బాధపెడుతుంది. గడువు ఒక్కసారి కూడా తప్పలేదు, అన్నీ షోరూములోనే చేయించారు. ఇంజిన్ లోపల టకటక చప్పుడుతో లాక్కొచ్చారు. డిప్‌స్టిక్‌కి చుక్క ఆయిల్ అంటలేదు. ఇంజిన్ మెల్లగా ఆయిల్ తాగుతోంది, రెండు సర్వీసుల మధ్య ఏడాది పాటు ఎవరూ బానెట్ ఎత్తలేదు. ఆయిల్ లైటు వెలిగేసరికే బేరింగులు పోయాయి. ఆ ఎర్ర లైటు చాలా కార్లలో ఒత్తిడి పడిపోయాకే వెలుగుతుంది, మట్టం తగ్గిందని ముందుగా చెప్పదు.

కాబట్టి సర్వీసు నుంచి కారు తెచ్చుకున్న మర్నాడు పొద్దున, స్టార్ట్ చేయకముందు, సమంగా ఉన్న నేల మీద డిప్‌స్టిక్ తీయండి. మాన్యువల్ వేడి ఇంజిన్‌తో చూడమంటే అలాగే చూడండి. గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. పై గుర్తు, కింది గుర్తు మధ్య తేడా చాలా కార్లలో సుమారు ఒక లీటరు. పై గుర్తుకి దగ్గరగా ఉంటే సరిపోయింది. దాటి ఉంటే ఎక్కువైనది దింపించండి, ఎందుకంటే క్రాంక్‌షాఫ్ట్ తగిలి నురుగు లేస్తే పంపు ఆయిల్‌తో పాటు గాలిని కూడా పంపుతుంది. కారు కింద ఒక అట్టముక్క పరిచి ఉంచితే రాత్రి చుక్క పడిందేమో కూడా తెలుస్తుంది. ఒక ఫోటో తీసి పెట్టుకోండి. మళ్లీ 1,000 కిలోమీటర్లకి ఇంకోసారి తీసి, రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి చూసి, మట్టం తగ్గిందో పెరిగిందో ఇక్కడ రాయండి. మీకు గడువు ఎంత పెట్టుకోవాలో అప్పుడు ఇంకా కచ్చితంగా చెప్పగలను.